సగం బీడీ, నిండు బీడీ

మొన్న జగిత్యాలలో మా అమ్మాయి ఇంటికి వెళ్తే, మనవరాలు ఫోను ముందు పెట్టుకుని బొమ్మలు గీస్తోంది. తెర మీద ఒక మనిషి ఒంగుతాడు, అరనిమిషం కాగానే గంట మోగి మాయమవుతాడు, ఇంకొకడు వస్తాడు, ఆ కాస్త వ్యవధిలోనే ఒంటి తీరు పట్టుకోవాలట. కాగితం నిండా మనుషులే గానీ ఒక్కరికీ మొహం లేదు, ఉత్త సున్నాలు.

నేను గీయడం నేర్చుకునే రోజుల్లో మాకు గంట లేదు, చిన్నాన్న బీడీ ఉండేది. కోరుట్లలో ఆయనది బోర్డులు రాసే దుకాణం. బోర్డు మీద మనిషి సరిగ్గా నిలబడాలంటే ఎముకా కండా తెలియాలని, మధ్యాహ్నాలు వెనక రేకుల కింద నాతో గీయించేవాడు. ఎదురుగా నిలబడేది మా మేనత్త కొడుకు, బావ. కథలాపూర్‌లో పొద్దున్నే తాళ్లెక్కి కల్లు దించి, తీరిక దొరికితే సైకిల్ మీద వచ్చేవాడు. చిన్నాన్న బీడీ ముట్టించి 'సగం' అంటే అది సగం కాలేలోపు గబగబా గీయాలి, 'నిండు' అంటే బీడీ మొత్తం అయ్యేదాకా భుజం ఎముక ఎక్కడ లేస్తుందో, వెన్ను పక్క కండ ఎక్కడ దిగుతుందో చూసి గీయొచ్చు. పాఠం ధ్యాసలో ఆయన దమ్ము లాగడం మరిచిపోతే బీడీ ఆరిపోయేది, మళ్లీ ముట్టించేదాకా బావ ఎత్తిన చెయ్యి దించకూడదు.

"మామా, నీ బీడి ఆరింది, నా రెక్క గుంజుతుంది" అని గొణిగేవాడు. ఉత్త సిగ్గరి, ఎప్పుడూ మాకు వీపు పెట్టే నిలబడేవాడు. "మొఖం ఆఖర్ల, ముందుగాల ఒళ్లు పట్టు" అనేవాడు చిన్నాన్న. ఆఖరు వచ్చేలోపు బీడీ అయిపోయేది.

అవి అన్నల మాట, అంటే నక్సలైట్ల మాట, ఊళ్లలో గుసగుసగా చెప్పుకునే రోజులు. ఒక ఎండాకాలం బావ రావడం మానేశాడు, అడవికి పోయాడని తర్వాత తెలిసింది. ఇంట్లో ఉన్న బావ ఒక్క ఫోటోనూ సోదాకు వచ్చిన పోలీసులు పట్టుకుపోయారు. వానలు పడ్డాక, సిరిసిల్ల వైపు ఎదురుకాల్పుల్లో పోయాడని కబురొచ్చింది. శవం మాత్రం ఇంటికి రాలేదు.

దినాలకు ముందు మేనత్త దుకాణానికి వచ్చింది, బీడీలు చుట్టీ చుట్టీ తంబాకు రంగు తిరిగిన వేళ్లతో నా చెయ్యి పట్టుకుంది. "అల్లుడా, గన్నిసార్లు గీస్తివి, వాని మొఖం గీసియ్యి" అంది. బావ మెడ నుంచి నడుము దాకా కళ్లు మూసుకుని గీయగలను, ఆయన కళ్లు ఎట్లా ఉంటాయో మాత్రం నా చేతికి తెలియదు. ఎన్నిసార్లు గీసినా ఎవరో బయటి మనిషే వచ్చాడు. అత్త వాటిని పక్కన పెట్టి, పాత కాగితాల్లోంచి ఒక నిండు బీడీ బొమ్మ తీసి ఆ వీపు నిమిరింది. "పోయేటప్పుడు గిట్లనే పోయిండు, ఎన్కకు మర్లి సూడలె" అని దాన్నే పటం కట్టించి దండ వేసింది. ఆమె కన్నుమూసేదాకా బావ వాళ్లింటి గోడ మీద అటు తిరిగే ఉన్నాడు.

ఇప్పుడు ఎవరి ఫోను చూసినా మొహాలే, చూసే తీరికే లేదు. నాకు బావ మొహం ఈనాటికీ గుర్తుకు రాదు, అదొక్కటే ఏడిపిస్తుంది. ఆ పిల్ల పక్కన కూర్చుని, "ఈసారికి ముందు మొహం గియ్యి బిడ్డా" అన్నాను. ఇంతలో గంట మోగింది, మనవరాలు తలెత్తకుండానే "టైమ్ సరిపోదు తాతా" అంది.