బాట మీద అలుకు

దేవరకొండ బాట మేస్త్రి పోయాడట. మొన్న ఒక బండివాడు మా కచేరి ముందు ఆగి ఈ కబురు చెప్పి పోయాడు. లోపల కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా నొచ్చుకున్నారు. "పాపం, పనిమంతుడు" అన్నాడు ఒకాయన. "గసొంటి మేస్త్రి మల్ల దొరుకడు" అన్నాడు ఇంకొకాయన. కొన్నేళ్ల కింద ఆయన్ని పనిలోంచి వెళ్లగొట్టిన రోజున ఈ నోళ్లన్నీ తీరిగ్గా పాన్ నములుతూ ఊరుకున్నాయి. అందులో నా నోరు కూడా ఒకటి.

నేను రోడ్డు కచేరిలో మున్షీని, అంటే ఉర్దూలో కాయితాలు రాసేవాణ్ణి. చేరిన కొత్తలో బాట గురించి నాకు తెలిసింది దాని మీద నడవడమే. మేస్త్రి మాత్రం కొత్తగా వేసిన బాట మీద నీళ్లు చల్లించి, ఉత్త మడమ ఈడ్చి చూసేవాడు. మడమ జారిందా, ఆ జాగా మళ్లీ తవ్వించేవాడు. కాంట్రాక్టరు వాగులోంచి గుండ్రాళ్లు తెచ్చి పోస్తే తిరిగి బండ్లకెత్తించి పంపేవాడు. "కొట్టిన రాయికే అంచులుంటయి మున్షీ సాబ్. గా అంచులే ఒకదాన్నొకటి పట్టుకుంటయి, చక్రాన్ని పట్టుకుంటయి" అనేవాడు. మా కచేరిలో చదువుకున్న పెద్దలు ఇది విని నవ్వేవారు. వాళ్లకు నున్నగా కనిపిస్తే చాలు, మంచి బాట.

ఆయనకు చెప్పులుండేవి. ఊరి దొర ఉండే గడీ ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం వాటిని చేత పట్టుకోవాలి. ఊరి బయట ఉన్న ఆయన వాడకట్టులో ఎవరికైనా అంతే, ఆదివారం ప్రార్థనకు పోయేటప్పుడైనా అంతే. "మంచిదే, గా ముక్క బాట ఎట్లున్నదో నాకు దినాం ఎరుకైతది" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, సిగ్గు లేకుండా.

ఒక ఏడు తొలకరికి కాస్త ముందు, జిల్లాకంతటికీ పెద్ద అయిన తాలూకాదారు సాహెబు మోటారులో వస్తున్నాడని తెలిసింది. ఊళ్లోకి దిగే ఏటవాలు మీద మేస్త్రి అప్పుడే కొత్త కంకర పరిపించి, మొరం చల్లించి, ఎడ్లతో రాతి రోలరు లాగించాడు. గరుకుగా, గట్టిగా కుదిరింది. దొర వచ్చి చూసి మొహం చిట్లించాడు. ఆ గరుకుకు సాహెబు ఒళ్లు నొస్తుందట. తన గడీ వాకిలి ఎట్లా ఉందో బాట అట్లా ఉండాలట. ఆడవాళ్లను వెట్టికి పిలిపించి, ఏటవాలు పొడుగునా ఎర్రమట్టీ పేడా కలిపి అలికించాడు. పైన ముగ్గులు పెట్టించాడు. మోటారు నడిచే బాటకు అలుకు పూయించిన తెలివి మా దొరకే చెల్లింది.

మేస్త్రి అడ్డం పోయాడు. "దొరా, నీ బాంచెను, ఇది వాకిలి గాదు. జోరు వాన పడితె అలుకు కొట్టుకపోతది, ఫికర్ లేదు. తుంపర పడితెనే జారుతది."

"నీ ఇంట్ల అలుకు లేకుంటె నా ఊరికి గూడ వద్దంటవా?" అన్నాడు దొర. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

తుంపరే పడింది. మోటారు ఏటవాలు నడుమ అడ్డం తిరిగి, ముగ్గులన్నీ తుడుచుకుంటూ పోయి పక్క కాలువలో ఒరిగింది. సాహెబుకు దెబ్బ తగలలేదు. దిగి రెండడుగులు వేసి కూలబడ్డాడు. లేపబోయిన దొర ఆయన మీదే పడ్డాడు. పేడలో పొర్లుతున్న ఆ ఇద్దరు ఘనులను లేపడానికి పోయి ఇంకో పదిమంది జారారు. అంత వేడుకకు నవ్వినవాడు ఒక్కడు లేడు.

మర్నాడు తప్పు ఎవరిదో తేల్చే కాయితం రాయమని నాకు హుకుం వచ్చింది. అలుకు ఊసు రాకూడదు. కంకర సరిగా పరచలేదనీ, తప్పు తనదేననీ మేస్త్రి ఒప్పుకున్నట్టు రాశాను. ఆయనకు చదువు రాదు. "ఏం రాసినవ్ సాబ్?" అని అడిగాడు. "తుంపర పడ్డదని రాసిన" అన్నాను. ఆయన ఆ కాయితాన్ని కాసేపు చూసి వేలిముద్ర వేశాడు. నౌకరి పోయింది. అప్పటినుంచి ఆ బాట పక్కనే కూలికి కంకర కొట్టాడు. నేను ఆ దారిన పోవలసి వస్తే ఏదో కాయితం చదువుతున్నట్టు తల వంచుకుని పోయేవాణ్ణి.

గడీలో దీపం పెట్టే దిక్కు లేని ఈ రోజుల్లో దొరను తిట్టడం సులువే. వాడు మూర్ఖుడు, వాడికి తెలియదు. నాకు అన్నీ తెలుసు. అందుకే నా మీద నాకున్న రోత వాడి మీద కూడా లేదు.

పోయిన ఎండాకాలం, ఆయన ఉండగానే, ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్లాను. మేస్త్రి రాళ్ల కుప్ప ముందు కూర్చుని ఉన్నాడు. బాగా వంగిపోయాడు. "ఆనాడు గా కాయితంల ఉన్నది ఒకటి, నీకు చెప్పింది ఒకటి మేస్త్రీ" అన్నాను.

"ఎరుకే" అన్నాడు, సుత్తె ఆపకుండా. "తుంపర పడ్డదనేటందుకు గన్ని గీతలు గావాల్నా సాబ్? నేను ముద్ర ఎయ్యనంటె నీ నౌకరి గూడ పోతుండె. కొత్తగ లగ్గమైనోనివి."

క్షమించమని అడగబోయాను. ఆయన పక్కనున్న గోనెసంచి నేల మీద పరిచి, "కూసో" అన్నాడు. కూర్చున్నాను. రాతి ముక్కలు ఎగిరి నా కంట్లో పడకుండా అటు తిరిగి, వీపు నా వైపు పెట్టి, మళ్లీ కంకర కొట్టసాగాడు.