నాన్న అడిగిన వన్స్‌మోర్

మా మణుగూరు వైపు నాటకంలో పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అంటారు. అన్నారంటే చచ్చినట్టు మళ్ళీ పాడాల్సిందే. కాలనీ స్టేజీ మీదా, ములకలపల్లి దాకా వెళ్లీ పన్నెండేళ్లు వేషాలు కట్టి, ఒక్కో పద్యం మూడేసి సార్లు పాడి గొంతు బొంగురుపోయినదాన్ని, నాకు తెలియదా! హార్మోనియం మా నాన్నది. రెండిళ్ల అవతల నేను శ్రుతి తప్పినా పట్టేసేవాడు. బొగ్గుబాయిలో మందు పేల్చే పని ఆ చెవుల్ని తినేసింది. ఇప్పుడు చెవికి మిషన్ పెట్టుకున్నా సగమే వినపడుతుంది.

హైదరాబాద్‌లో సినిమా పాట పాడి వచ్చి, వెర్రిదానిలా కాలనీ అంతా నేనే చాటుకున్నాను. తీరా నేను పాడింది ట్రాక్ అట. పెద్ద గాయని విని నేర్చుకోవడానికి ముందుగా మాలాంటివాళ్ల చేత పాడిస్తారు. తర్వాత ఆమె గొంతు పెట్టి మాది తీసేస్తారు. ఆ సంగతి సినిమా విడుదలకు రెండు రోజుల ముందు తెలిసింది. అప్పటికే నాన్న ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాడు. చెప్పాలని రెండుసార్లు ఆయన మంచం దాకా వెళ్లాను. రెండుసార్లూ వెనక్కి వచ్చేశాను.

హాల్లో పాట మొదలైంది. మొదటి లైనుకే అమ్మ నా మొహంలోకి చూసింది. ఆమెకు తెలిసిపోయింది. నాన్న మాత్రం చెవి వెనక చెయ్యి పెట్టుకుని విన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. పాట అయిపోగానే లేచి నిలబడి గట్టిగా వన్స్‌మోర్ అన్నాడు. జనం నవ్వారు. తెర మీద కథ తన దారిన తాను పోయింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. నా మీద నాకే అసహ్యం పుట్టి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక వంటింట్లో అమ్మను అడిగాను, చెప్పేయనా అని.

"ఆయనకు ఇంకేం మిగిలిందని చెప్తవ్?" అంది.

మర్నాడు పొద్దున్నే నాన్న హార్మోనియం ముందు కూర్చుని ఆ పాట పాడమన్నాడు. నా సొంత గొంతుతో, ఉన్న మనసంతా పెట్టి పాడాను. ఆయన మిషన్ సర్దుకుని తల అడ్డంగా ఊపాడు.

"గిట్ల కాదు బిడ్డా. సినిమాల పాడినట్టు పాడు. గదే నీ గొంతు."

నన్ను విని ఆ పెద్ద గాయని నేర్చుకున్న పాటను ఇప్పుడు రోజూ ఫోన్‌లో ఆమెను విని నేను నేర్చుకుంటున్నాను. ఏం ఖర్మ! ఆమె ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడే తీస్తున్నాను. నిన్న నాన్న వన్స్‌మోర్ అన్నాడు.