నేను నోరు మూయించిన పరీక్ష

ఒక మనిషి ముఖం మీద ఇనుప గొట్టం పడిన చప్పుడు ఏళ్ల తరబడి నా లోపలే ఉంది. ఆ గొట్టం నేను పట్టుకోలేదు. కానీ కొట్టించింది నేనే. మీకైనా మొదటి నుంచీ చెప్పాలి.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, హాలియా దగ్గర ఒక రైస్ మిల్లు మోటార్లను నడిపే ప్రోగ్రాం రాశాను. రాసినదాన్ని పరీక్షించేటప్పుడు నిజం మోటారు వాడం. దాని బదులు కంప్యూటర్‌లోనే ఒక ఉత్తుత్తి మోటారును పెడతాం. మాక్ అంటాం దాన్ని. ఏయే ఆదేశాలు రావాలో దానికి ముందే చెప్తాం. చెప్పనిది వస్తే అది అరిచి పరీక్షను ఆపేయాలి. నా మాక్ అరిచింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, ఎవరూ స్విచ్చు నొక్కకుండానే 'తిరుగు' అనే ఆదేశం వస్తోందని చెప్పింది. మర్నాడే మిల్లులో బిగించాలి. అది ఎక్కడి నుంచి వస్తోందో వెతక్కుండా, తెలియని ఆదేశం ఏదొచ్చినా నోరెత్తక సరేననేలా మాక్‌ను మార్చేశాను. పరీక్షలన్నీ పాసయ్యాయి. ఓపిక లేకనా? పొగరా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కొన్నాళ్లకు, నేను మిల్లులో ఉండగానే, వడ్లను తోసే మరలో గడ్డి ఇరుక్కుంది. మర నడిపే సైదులు స్విచ్చు ఆపేశాడు. కరెంటు కూడా పోయింది కదా అని కూలీ యాదయ్య లోపలికి చెయ్యి పెట్టాడు. కరెంటు వచ్చింది. మర తిరిగింది. యాదయ్య చెయ్యి మోచేతి దాకా నలిగి ఎముక తెల్లగా బయటపడింది. వడ్లు ఎర్రబడ్డాయి. అతణ్ణి దవాఖానకు తీసుకుపోగానే, అతని తమ్ముడు ఇనుప గొట్టం అందుకుని సైదులు మీద పడ్డాడు.

"నువ్వే ఒత్తినవ్ రా!"

"మా అవ్వ మీద ఒట్టు, నేను ముట్టలే!" నోట్లోంచి నెత్తురు కారుతుంటే సైదులు నా కాళ్ల దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు. "సారూ, జర జెప్పున్రి. గది దానంతటదే తిరుగుతదా?"

నాకు తెలుసు. ఆ క్షణానికే తెలుసు.

"తిరగదు," అన్నాను.

గొట్టం మళ్లీ లేచింది.

యాదయ్య చెయ్యి తీసేశారు. సైదులును పనిలోంచి తీసేశారు. నేను ప్రోగ్రాంను గుట్టుగా సరిచేశాను. ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణా?

మొన్న చిట్యాలలో, హైవే పక్క హోటల్లో నాకు టీ తెచ్చిన మనిషి సైదులు. నన్ను గుర్తుపట్టాడు. తల వంచుకుని, తప్పు నాదేనని గొణిగాను.

"గీ చెవు ఇనరాదు సారూ. గా దెబ్బలకు పోయింది. ఇటు దిక్కు జెప్పున్రి."

లేచి అటువైపు వెళ్లి మళ్లీ చెప్పాను. ఈసారి గట్టిగా. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. సైదులు బల్ల మీది గ్లాసు అందుకున్నాడు. వేడి టీ నా ఛాతీ మీదికి విసిరి, గ్లాసుతో లోపలికి వెళ్లిపోయాడు.

చర్మం మండుతుంటే రోడ్డు మీదికి వచ్చి, ఎన్నో ఏళ్లకు నిండుగా ఊపిరి పీల్చుకున్నాను. యాదయ్యది కేతేపల్లి. ఆయన ముందు ఇంకా నిలబడాలి.