మెట్ల కింద ప్లగ్గు

గుడియాత్తం గిరిప్రసాద్ కరెంటు తీగనైనా పట్టుకుంటాడు గానీ, యజమాని రామానుజం ఎదుట నోరు విప్పడు. వేలూరులో ఆసుపత్రి ఎదుటి లాడ్జిలో పద్దెనిమిదేళ్లుగా ఎలక్ట్రీషియన్. అక్కడ గదుల్లో వంట నిషేధం. అయినా రోగులతో వచ్చిన ఆడవాళ్లు గంజి కాచుకోవడానికి మెట్ల కింద దొంగచాటుగా ఒక ప్లగ్గు పెట్టాడు. అంత పిరికివాడికి ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో దేవుడికే తెలియాలి.

ఒకరోజు, లాడ్జిలో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కొలవడానికి బాగాయం నుంచి నివేదిత అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. బోర్డులో ప్రతి లైనుకూ కొలిచే పరికరం తగిలించింది. "వారం దినాలు ఇట్నే ఉండనీన్నా. యా లైన్లో ఎప్పుడెంత పోతాండాదో అంతా దీంట్లో పడతాది" అంది.

మెట్ల కింద ప్లగ్గు కూడా ఆ లెక్కలో పడుతుందని గిరిప్రసాద్‌కు తట్టింది. ఉన్న ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకొకటి ఎవరిస్తారు? ఆ పూటే ప్లగ్గు తీగ విప్పేశాడు. ఆడవాళ్లు గొణుక్కుంటూ హోటల్ ఇడ్లీలు తెచ్చుకున్నారు. మూడు రోజులు అతనికి అన్నం సహించలేదు. బోర్డు గది తప్పించుకుని తిరిగాడు.

నాలుగో రోజు పొద్దున మోర్ధానా నుంచి రోగితో వచ్చిన పంకజమ్మ నూకల గిన్నెతో ఎదురొచ్చింది. "మా ఇంటాయనకి హోటల్ కూడు ఇమడదు నాయనా. మూడు దినాలుగా వట్టి నీళ్లే. ఒక్క పావుగంట ఇయ్యి."

కుదరదని చెప్పబోయాడు. చెప్పలేక తీగ కలిపాడు. గంజి ఉడికినంతసేపూ మెట్ల దగ్గరే నిలబడి, ఉడకగానే తీగ మళ్లీ విప్పేశాడు.

వారం తిరిగాక నివేదిత అందరి ముందూ కంప్యూటర్ తెరిచింది. మెట్ల లైన్లో ఆరు రోజులు చదునుగా ఉన్న గీత, నాలుగో రోజు తొమ్మిదింటికి నిటారుగా లేచింది.

"దినామూ ఇట్నే ఉంటే నీళ్ల హీటర్ అనుకోని పోయిందును సార్. ఒక్క దినమే ఉండాది, అందుకే అడగతాండా" అంది.

తన జాగ్రత్తే తనను పట్టిచ్చిందని గిరిప్రసాద్‌కు తెలిసింది.

రామానుజం, లాడ్జి ఊడ్చే పచ్చయమ్మ వైపు తిరిగాడు. "ఆ పొద్దు మెట్లకాడ ఉండింది నువ్వే కదా?"

పచ్చయమ్మ చీపురు జారవిడిచింది. నోరు మూసుకుంటే గిరిప్రసాద్‌కు గండం గడిచిపోయేది.

"ఆ యమ్మ కాదు సార్. నేనే. రెండేండ్లుగా నేనే ఇస్తాండా."

అడిగింది ఒక్కరోజు సంగతి. వెర్రిబాగులవాడు రెండేళ్లదీ కక్కేశాడు.

రామానుజం బోర్డు గది తాళాల కోసం చెయ్యి చాపాడు. గుత్తి ఆ చేతిలో పెట్టడంతో గిరిప్రసాద్ పద్దెనిమిదేళ్ల ఉద్యోగం అయిపోయింది.