పాటిగడ్డ తోలు సంచి

2018 జూన్‌లో నన్ను హైదరాబాద్ నుంచి కరీంనగర్ ప్రాంతానికి బదిలీ చేశారు. అక్కడ కొత్తగా తెరవబోతున్న ఒక చిన్న మ్యూజియంలో సీనియర్ కెమిస్ట్ ఉద్యోగం. పురావస్తు శాఖలో పనిచేశానంటే తవ్వకాలు చేసేదాన్ననుకుంటారు. మేం తవ్వం. తవ్వి తీసిన వస్తువు గాలి తగిలి పాడవకుండా కాపాడటం, దాన్ని శుభ్రం చేయడం, అవసరమైతే ప్రతిరూపం తయారుచేయడం కెమిస్టుల పని. రిటైర్మెంటుకు దగ్గర పడిన నాకు ఆ బదిలీ సంతోషాన్నే ఇచ్చింది. మంచిర్యాలలో ఒక్కడే ఉంటున్న నాన్నను, మా బాపును, తెచ్చి నా దగ్గర పెట్టుకోవచ్చు.

చేరిన వారానికే నాకొక పని అప్పగించారు. గోదావరి ఒడ్డున ఒక పాటిగడ్డ మీద, అంటే పాత ఊరు మట్టిలో కలిసిపోయిన దిబ్బ మీద, రోమన్ వెండి నాణేలు దొరికాయి. వాటితోపాటు చిలుము పట్టిన రాగి రింగు ఒకటి, దాన్ని అంటుకుని బొటనవేలి గోరంత తోలు ముక్క, నాణేలు దాచిన సంచిది. మన నేలలో తోలు నిలవదు, కుళ్లిపోతుంది. రాగి చిలుము పురుగును, బూజును దగ్గరికి రానివ్వదు కనుక ఆ ముక్క మిగిలింది. దాన్నిబట్టి సంచి ఎలా ఉండేదో ఊహించి, గ్యాలరీ కోసం ఒకటి కుట్టాలి. నా పై అధికారి, అసిస్టెంట్ డైరెక్టర్, ఇది మీరే చేయాలి మేడం అన్నాడు. జిల్లాలో కెమిస్టును నేనొక్కదాన్నే కాబట్టి అందులో వింతేమీ కనబడలేదు.

ముందు పరీక్షలు చేశాను. ముక్క నుంచి ఒక పోగు తీసి, ఇనుప లవణం కలిపిన నీటి బొట్టు పెడితే నల్లబడింది. ఏదో చెట్టు బెరడుతో పదును చేసిన, అంటే కుళ్లకుండా ఊరబెట్టిన, తోలని దానర్థం. ఏ చెట్టో, ఏ దేశపుదో ఆ పరీక్ష చెప్పదు. యూరప్‌లో దొరికిన రోమన్ సంచుల బొమ్మలు పుస్తకాల్లో చూశాను. గుండ్రటి తోలు, అంచు చుట్టూ రంధ్రాలు, వాటిలోంచి తోలు తాడు. మన ముక్కలోనూ మూడు రంధ్రాలున్నాయి. అదే నమూనా తీసుకున్నాను.

బజారులో దొరికే తోలు ఈ పనికి రాదు. అది ఈ కాలపు రసాయనాలతో పదును చేసింది. మేక తోలు తెప్పించి, ల్యాబ్‌లోనే ప్లాస్టిక్ డ్రమ్ములో తంగేడు బెరడు నీళ్లలో నానబెట్టాను. మా ప్రాంతంలో తోళ్లు నానబెట్టే గుంతను లంద అంటారు. మా తాతకు ఒక లంద ఉండేదని, తంగేడు సంగతి నాకు అలా తెలుసునని టీ తాగుతూ అధికారితో అన్నాను. దాచుకోవలసిన విషయమని నేనెప్పుడూ అనుకోలేదు. పక్కగది సూపరింటెండెంట్ మాత్రం ఆ వాసనకు పొద్దున ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట అగరుబత్తీలు వెలిగించాడు. మా వరండా కొన్నాళ్లు సగం లందలా, సగం పూజగదిలా ఉండేది.

మొదటి సంచి నాణేల బరువుకు రంధ్రాల దగ్గర చిరిగింది. ఆ రంధ్రాలను నేను పంచ్‌తో గుండ్రంగా కొట్టాను. సూక్ష్మదర్శిని కింద చూస్తే పాత ముక్కలోవి గుండ్రటి రంధ్రాలు కావు, సన్నటి చీలికలు. వాటిని ఆరెతోనే పొడవాలి. ఆరె అంటే చెప్పులు కుట్టేవాళ్ల పనిముట్టు, పిడికి బిగించిన వాడి సూది. బజారులో ఒకటి కొని ఆఫీసు సొరుగులో పెట్టాను. ఇంటికి తీసుకెళ్లలేదు.

ఎందుకో చెప్పాలి. మా ఇంట్లో ఆరె నిషిద్ధం. బాపు చిన్నతనంలో తాతతోపాటు లందలో పనిచేశాడు. పదహారేళ్లకు బొగ్గుబాయిలో చేరి, ముందు లోపల పనిచేసి, చివరికి ల్యాంపు రూములో కార్మికులకు దీపాలు అందించి రిటైరయ్యాడు. చెప్పు తెగితే కుట్టడం ఆయనకు నిమిషంలో పని. అయినా బయట డబ్బులిచ్చి కుట్టించేవాడు. కంపెనీ క్వార్టర్లలో గానీ, మేం వెళ్లే మెథడిస్టు చర్చిలో గానీ, ఆయన చేతిలో తోలు ఎవరూ చూడలేదు.

చేతులు ఎంత కడిగినా తంగేడు వాసన నాతో ఇంటికి వచ్చింది. బాపు అన్నం ముందు నుంచి లేచి కంచం ముందు గదిలోకి పట్టుకెళ్లాడు. ఏం నానబెడుతున్నావని అడిగాడు. చెప్పాను.

“గా వాసన పోవాల్నని నేను భూమిలకు దిగిన బిడ్డా. గంత సదువు సదివి మళ్ల గాడికే వచ్చినవా?”

ఇది ఆఫీసు పని బాపూ అన్నాను. “నిన్నే ఎందుకు చెయ్యమన్నరు?” అన్నాడు. కెమిస్టును కదా అన్నాను. ఆయన నమ్మలేదు. నాకు బాధ కలిగింది. అయినా పని ఆపలేదు, రెండో సంచికి ఆరెతో చీలికలు పొడిచి, మూతి అంచు మడిచి కుట్టాను. అది బరువు ఆగింది.

గ్యాలరీ తెరవడానికి ముందు లేబుల్ చిత్తుప్రతి నా బల్ల మీదికి వచ్చింది. వస్తువు పక్కన పెట్టే చిన్న పలకను మేం లేబుల్ అంటాం. అందులో ఇలా ఉంది: ‘రోమన్ సంచి. వంశపారంపర్య చర్మకారుల కుటుంబానికి చెందిన ఉద్యోగిని తయారుచేసినది.’ నా పేరు లేదు, హోదా లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రెండు చోట్లా ఒకేసారి ఓడినట్టయింది. కోపం వచ్చింది. అధికారిని అడిగితే, జనానికి ఆసక్తిగా ఉంటుందని రాశాను మేడం, గౌరవంగానే రాశాను అన్నాడు. నిజమే, అతని మనసులో చెడు లేదు. అందుకే వాదించడం ఇంకా కష్టమైంది.

ఆ కాగితం ఇంటికి తెచ్చి బాపుకు చదివి వినిపించాను. ఆయన భయపడింది జరిగిందని దాచకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కళ్లద్దాలు పెట్టుకుని తనూ ఒకసారి చదువుకున్నాడు.

“పని జేసినవు. పని రాయుమను. పుట్టుక ఎందుకు రాస్తడు?”

మర్నాడు ఆఫీసుకు వెళ్తూ ఆ మాటే ఆలోచించాను. లేబుల్ మొదటి వాక్యంలోనూ అదే తప్పుంది. లోపల రోమన్ నాణేలున్నాయి కాబట్టి సంచిని రోమన్ అన్నాం. తోలు బెరడుతో పదునైందని, ఆరెతో పొడిచారని తెలుసు. ఎక్కడ పుట్టిందో తెలియదు. ఇక్కడే ఎవరో కుట్టి ఉండవచ్చు కూడా. నమూనా కోసం యూరప్ పుస్తకం తెరిచినప్పుడు ఆ ఊహ నాకూ రాలేదు.

రెండు వాక్యాలూ మార్చాలని నోట్ రాసి పెట్టాను. కెమిస్టు సంతకం లేకుండా ప్రతిరూపం మ్యూజియం రిజిస్టరులోకి ఎక్కదు. మార్చేదాకా సంతకం పెట్టనన్నాను. మీ సంగతి తీసేస్తాను గానీ, రోమన్ అనే మాట లేకపోతే ఎవరు చూస్తారని అధికారి అడిగాడు. ఒకటి తీసి ఒకటి ఉంచితే, నా ఒక్కదాని కోసం గొడవపడ్డట్టవుతుందన్నాను. లేబుల్ రాసే పెయింటర్ బయట ఎదురుచూస్తున్నాడు. చివరికి ఇలా రాయించాం: ‘తోలు సంచి, ప్రతిరూపం. రోమన్ నాణేలతో దొరికిన ముక్క ఆధారంగా. మేక తోలు, తంగేడు బెరడుతో పదును, ఆరెతో చేతికుట్టు. అసలు సంచి ఎక్కడిదో తెలియదు.’ కింద నా పేరు, హోదా.

ప్రారంభోత్సవానికి బాపు రాలేదు. కొన్నాళ్ల తర్వాత, జనం లేని ఒక మధ్యాహ్నం, చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. లేబుల్ మీద వేలు జరుపుతూ చివరిదాకా చదివాడు. నా పేరు దగ్గర ఆగాడు. తర్వాత అద్దం మీదికి వంగి సంచిని చాలాసేపు చూశాడు.

“మూతికాడ కుట్టు జర వదులైంది. తోలు తడి మీద ఉన్నప్పుడే గుంజాలె” అన్నాడు.

తెలిసి ఇన్నాళ్లూ చెప్పలేదేమని నేను అడగలేదు. మర్నాడు అద్దం తీయించి, సంచిని ల్యాబ్‌కు తెచ్చి, తడిపి, ఆ కుట్టు మళ్లీ వేశాను.

రిటైరయ్యేదాకా లేబుల్ రాసినప్పుడల్లా అదే పద్ధతి పాటించాను. వస్తువు ఏమిటి, దేనితో చేశారు, ఎలా చేశారు, తెలిస్తే ఎవరు చేశారు. మిగతాది తెలియకపోతే తెలియదని రాయాలి. తెలిసినా, పనికి సంబంధం లేనిదైతే రాయకూడదు.