బజ్జీల నూనెతో తొమ్మిది గంటలు

మధ్యాహ్నం రెండూ నలభైకి మల్కాపురం చేరాం. తుఫాను దాటి ఒక రోజైంది. గాలి తగ్గింది, వాన తగ్గలేదు. ఎనిమిది మందిమి. రెండు రంపాలు, నాలుగు గొడ్డళ్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక జనరేటర్, ఇరవై లీటర్ల డీజిల్ డబ్బా. మిగతా సామానుతో మా లారీ పడిపోయిన చెట్ల వెనక ఆగిపోయింది. చివరి రెండు కిలోమీటర్లు జనరేటర్‌ను వెదుళ్లకు కట్టి భుజాల మీద మోశాం.

నేను పుట్టింది ఇక్కడే. పద్నాలుగేళ్లు ఎడారీ మంచూ తిప్పాక సైన్యం నన్ను సొంత వీధికి పంపింది. ఇల్లు అర కిలోమీటరు. వెళ్లడానికి ఆర్డరు లేదు. అమ్మ క్షేమమని కబురందింది, దాంతో సరిపెట్టుకున్నాను.

ఆర్డరు ఒక్కటే. బడిలో పెట్టిన శిబిరానికి కరెంటు ఇవ్వాలి, ఆగకూడదు. రెండో గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు. పోర్టులో కలాసీగా చేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆక్సిజన్ మెషీను ఆడితేనే ఆయన ఊపిరి ఆడుతుంది. ఆస్పత్రికి దారి లేదు. వెంట తెచ్చుకున్న సిలిండరు మీదే ఉన్నాడు. పక్కన కూతురు. జంక్షన్‌లో బజ్జీల బండి ఆవిడది. బండిని గాలి ఎత్తుకుపోయింది. నూనె టిన్నూ పొయ్యీ మాత్రం ముందే బడికి చేర్చింది.

మూడింటికి జనరేటర్ వేశాను. అప్పటికి సిలిండరులో నలభై నిమిషాలకు సరిపడా మిగిలింది. గంటకు లీటరు తాగుతుంది. బడి కప్పు మీద సోలార్ పలకలు సగం ఎగిరిపోయాయి. మిగిలినవి ఆ మబ్బులో నాలుగు ఫోన్లకు ఛార్జింగ్ ఇచ్చాయి. పాపం, వాటిని తిట్టను, సూర్యుడే లేడు.

మర్నాడు ఉదయం ఏడు. డబ్బాలో నాలుగు లీటర్లు. కిటికీలోంచి రిఫైనరీ గొట్టాలు కనిపిస్తున్నాయి, ఊళ్లో మాత్రం చుక్క డీజిల్ దొరకదు. కరెంటు లేక బంకుల్లో పంపులు కదలడం లేదు. మా వైర్‌లెస్ ఆపరేటరుది బొబ్బిలి. చెవుల మీంచి హెడ్‌ఫోను తీసి అన్నాడు:

"బావా, లారీ సాయంత్రం నాలుక్కంట. అంతకు ముందు రాదంట. ఏటి సేత్తావ్ మరి?"

డబ్బా మూత తీసి మళ్లీ చూశాను. గుమ్మంలో నిలబడి పెద్దాయన కూతురు అంతా వింది.

"నీ డీజిలు ఎంతసేపొత్తాది తమ్ముడూ?"

"నాలుగు గంటలు అక్కా."

"నా టిన్నులో ఎనిమిది లీటర్ల నూనె ఉన్నాది. నీ ఇంజను తాగుతాదేటి?"

తాగుతుంది. ట్రైనింగులో మాకు ఆ పాఠం చెప్పారు. పంట నూనెలు, వాడిన నూనెలు, వాటితో బండ్లు. నేను వెనక బెంచీలో కునుకు తీశాను. సగమే విన్నాను. ఒక లీటరు డీజిల్ పక్కన పెట్టి, మూడు లీటర్లలో ఆవిడ నూనె వేడి చేసి కలిపాను.

"వడకట్టినావా? ఆ రోజు బేరం మధ్యలో గాలొచ్చీసింది. అడుగున పిండి ఉంటాది."

"చూసుకుంటాను అక్కా."

చూసుకోలేదు. ట్యాంకు మూతి దగ్గర జాలీ ఉంది కదా అనుకున్నాను.

రెండు గంటలు బాగా నడిచింది. బడంతా మిరపకాయ బజ్జీల వాసన. తొమ్మిదీ పదికి ఇంజన్ దగ్గింది. ఆగింది. గదిలో మెషీను కూత పెట్టింది. సిలిండరు తగిలించారు. నలభై నిమిషాలు మొదలయ్యాయి.

ఫిల్టరు విప్పాను. లోపల శనగపిండి ముద్ద. ఆవిడకు ఏం చెప్పాలి? ఉన్నదే చెప్పాను.

"నేను వడకట్టలేదు అక్కా. తప్పు నాదే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. సంచిలోంచి తండ్రి కొత్త పంచె తీసి నాలుగు మడతలు వేసింది.

"తప్పు తరవాత సూసుకుందాం. నువ్వు ఇంజను కడుగు. నాను వడకడతాను."

ట్యాంకు దించాను. ఫిల్టరు కడిగాను. పక్కన పెట్టిన లీటరు డీజిల్ పోశాను. తాడు లాగాను. లేదు. రెండోసారి. లేదు. మూడోసారి పట్టుకుంది. టైము తొమ్మిదీ నలభై ఒకటి. సిలిండరులో ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. బురదలో అలాగే కూలబడి ఏడ్చాను. ఆపరేటరు నా వీపు మీద చరిచి, "ఏటి బావా, సంటోడిలాగ" అన్నాడు. వాడి కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఆ తర్వాత వడకట్టిన నూనె పోశాం. నాలుగూ ఇరవైకి లారీ వచ్చేదాకా ఇంజన్ మళ్లీ దగ్గలేదు. సాయంత్రం పెద్దాయన కళ్లు తెరిచి కూతుర్ని అడిగాడు:

"ఏటే, పొద్దుటి నుంచి బజ్జీలేత్తన్నావు, నాకొక్కటీ ఎట్టవా?"

గది మొత్తం నవ్వింది. అంత హాయిగా నేను అంతకు ముందు ఎప్పుడూ నవ్వలేదు.

పదకొండో రోజు కరెంటు వచ్చింది. మేం తిరిగి యూనిట్‌కు వెళ్లిపోయాం. ఇప్పుడు రిటైరై మల్కాపురంలోనే ఉంటున్నాను. మా ఇంటి మీద సోలార్ ఉంది. బజ్జీల నూనెతో లారీలు నడుస్తాయా అని కుర్రాళ్లు నన్ను ఆటపట్టిస్తారు. నడుస్తాయి, కానీ ఎవరో ఒకరు ఓపిగ్గా వడకట్టాలి అంటాను. మిగతాది చెప్పను.

ఇంజన్ ఆగి ఉన్న ఆ అరగంటలో ఒకసారి తల తిప్పి చూశాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని, డబ్బా మూతి మీద పంచె బిగించి పట్టుకుంది. నూనె చుక్కచుక్కగా దిగుతోంది. ఆవిడ దాన్ని చూడటం లేదు. గదిలోకి, తండ్రి రొమ్ము లేచి దిగడాన్నే చూస్తోంది.