కరోడ్‌గిరి కిటికీ దగ్గర

నా భార్య చనిపోయిన ఏడాదే నేను బెజవాడ నుంచి పుస్తకాలు తెప్పించుకోవడం మొదలుపెట్టాను. పెళ్లయి రెండేళ్లు నిండకముందే విషజ్వరంతో పోయింది. మొఘల్‌పురాలో మా ఇంటి కింది భాగంలో అన్నలిద్దరూ, వదినలూ, వాళ్ల పిల్లలూ ఉండేవారు. మేడ మీద గది నాది. పగలంతా చార్మినార్ దగ్గర మా జరీ అంచుల దుకాణంలో అన్నల పక్కన కూర్చునేవాణ్ని. బేరాలు, దండాలు, కబుర్లు. సాయంత్రం మెట్లెక్కి గదిలోకి వస్తే నా దగ్గు నాకే వినిపించేది.

మా ఇంట్లో తెలుగు చదవడం నా ఒక్కడికే వచ్చు. ఇంట్లో దక్కనీ, బడిలో ఉర్దూ. చిన్నప్పుడు అమ్మీకి జబ్బు చేస్తే నన్ను ఖమ్మం వైపు మామూ ఇంట్లో కొన్నేళ్లు ఉంచారు. అక్కడి వీధిబడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దాను. ఊరికి తిరిగి వచ్చాక వాటితో పనే లేకపోయింది. నా భార్య పోయాక మాత్రం ఎందుకో ఆ అక్షరాల మీదికే మనసు పోయింది. ఉర్దూ పుస్తకం పట్టుకుంటే పక్కన కూర్చుని ఆమె వింటున్నట్టే ఉండేది, చదవలేకపోయేవాణ్ని.

నేను కోరిన నవలలు ఊళ్లో దొరికేవి కావు. బెజవాడ దుకాణానికి రాసి తెప్పించుకోవాలి. బెజవాడ ఇంగ్లీషువాళ్ల ఇలాకా, మాది నిజాం రాజ్యం. నడుమ సరిహద్దు, దాని మీద కరోడ్‌గిరి. సరుకు సుంకాన్ని మా ఊళ్లో అలాగే అనేవాళ్లు. బట్టకు సుంకం ఎందుకో మా వ్యాపారంలో ఉన్నవాడికి తెలియనిది కాదు, ఇక్కడి సాలెవాళ్లు బతకాలి. కానీ ఇక్కడ ఎవరూ అచ్చు వేయని నవల మీద ఎవరిని బతికించడానికి సుంకం? పుస్తకం ధర ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయల్లో ఉండేది, నా జేబులో ఉన్నది నిజాం నాణెం, హాలీ సిక్కా. ఆ మారకంలో కొంత, టపా ఖర్చులో కొంత పోయాక సుంకం వచ్చి కూర్చునేది. రెండు పుస్తకాలు కావాలనుకున్నవాణ్ని ఒకటి వదులుకునేవాణ్ని. వదులుకున్న పుస్తకం గురించే ఎక్కువ ఆలోచించేవాణ్ని.

పార్సిల్ వచ్చిందని కబురందితే నయాపూల్ దాటి, స్టేషన్ వైపున్న సుంకం కచేరీదాకా నడవాలి. అక్కడి కిటికీలో ఒక మున్షీ ఉండేవాడు. నడివయసు, నుదుట సన్నటి బొట్టు, మెడకు ఎండాకాలంలో కూడా మఫ్లరు. మొదటిసారి నా పార్సిల్ విప్పి, పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి ఉర్దూలో అడిగాడు, ఇదేమిటని. నేను తెలుగులో జవాబు చెప్పేసరికి తలెత్తి చూశాడు.

"మియా, నువ్వు చదువుతవా దీన్ని?"

"చదువుత."

"నేను ఇంట్ల తెలుగే మాట్లాడత. కానీ చదువంత ఉర్దూల అయింది. ఒక్క అచ్చరం రాదు," అన్నాడు. "లోపల ఏమున్నదో చెప్పాలె. సర్కార్ ఖిలాఫ్ ఏమన్న ఉన్నదా చూడాలె గదా."

కథ అని చెప్పాను. ఏం కథ అన్నాడు. గోదావరి మీద పడవ నడిపే ముసలాయన గురించి అని, దుకాణంవాళ్లు పంపిన ప్రకటనలో చదివిన నాలుగు మాటలు చెప్పాను. ఆయనకు కళ్లు కనబడకుండా పోతున్నాయి, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పడు. మున్షీ తల ఊపి, ముద్ర వేసి, పూర్తి సుంకం వసూలు చేశాడు.

రెండు మూడు నెలలకు మళ్లీ వెళ్లాను. కొత్త పార్సిల్ విప్పకముందే, "ఆ పడవాయన సంగతి ఇంట్ల తెలిసిందా?" అని అడిగాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగాను. ఆ పుస్తకం రెండుసార్లు చదివి, ఎవరికైనా చెప్పాలని గదిలో అటూ ఇటూ తిరిగినవాణ్ని నేను. పెద్దన్నకు చెప్పబోతే లెక్క ఆపకుండా "అచ్ఛా" అన్నాడు. వదినలకు చెప్పడానికి మొహమాటం. ఇక్కడ ఒక మనిషి నా కోసం ప్రశ్న దాచిపెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజు ఆయన పని కాస్త తెరిపిచ్చాక, కచేరీ అరుగు మీద చాయ్ తాగుతూ మొత్తం చెప్పాను. ముసలాయన నీటి చప్పుడు విని ఒడ్డు ఎంత దూరమో పోల్చుకునే చోటు వచ్చేసరికి మున్షీ కప్పు కింద పెట్టేశాడు. అప్పటినుంచి అది అలవాటైపోయింది. పుస్తకం తీసుకునేటప్పుడు పాత పుస్తకం కథ చెప్పేవాణ్ని. ఆయనకు చెప్పాలని మరింత శ్రద్ధగా చదివేవాణ్ని. మా మధ్య ఇంకో మాట లేదు. ఆయన పిల్లలెందరో నాకు తెలియదు, నాకు భార్య లేదని ఆయనకు తెలియదు.

సుంకం మాత్రం ఎన్నడూ తగ్గించలేదు. ఒకసారి కోపం ఆపుకోలేక, ఈ కథలు మీకు కూడా పసందే గదా, మరి వీటి మీద పన్నెందుకని అడిగేశాను.

"పసందే," అన్నాడు. "కానీ కానూన్ నాది కాదు మియా. నాదైతే నువ్వు గింత దూరం నడిచి రానీకి కూడ పని ఉండకపోవు."

కోపం పోలేదు గానీ, ఆ చివరి మాట దారిపొడవునా నాతో వచ్చింది.

తర్వాత యుద్ధం. కాగితం దొరకడం లేదని బెజవాడ దుకాణంవాళ్లు పుస్తకాలు తగ్గించేశారు. చాలా రోజులకు వచ్చిన ఒక పార్సిల్‌లో పుస్తకం అట్ట మీద జెండా పట్టుకున్న జనం బొమ్మ ఉంది. అందులో ఏముందో నాకు నిజంగా తెలియదు. మున్షీ ఆ అట్టను చాలాసేపు చూశాడు. పైవాళ్లు చూడాలని, తన చేతిలో లేదని, నా మొహం వైపు చూడకుండా చెప్పాడు. నేను చాయ్ తాగకుండా వచ్చేశాను.

ఆ పుస్తకం నాకు రాలేదు. మళ్లీ వెళ్లినప్పుడు కిటికీలో ఒక కుర్ర గుమాస్తా ఉన్నాడు. మున్షీసాబ్ ఏరని అడిగితే సరిహద్దు తనిఖీ నాకాకు బదిలీ అయిందన్నాడు. మర్యాదగా మాట్లాడాడు, గబగబా పని కానిచ్చాడు. ఏమీ అడగలేదు. మదీనా చౌరస్తా దాకా వచ్చాక, పార్సిల్ చంకలో ఉందో లేదో తడిమి చూసుకున్నాను. ఆ నవల నాలుగు పేజీలు చదివి పక్కన పెట్టాను.

యుద్ధం అయిపోయిన ఏడాది బెజవాడకు పోవలసి వచ్చింది. ఖమ్మం మామూ అక్కడి ఆసుపత్రిలో చేరి, అక్కడే పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెలో బట్టల మీద ఐదారు పుస్తకాలు పెట్టుకున్నాను. సరిహద్దు స్టేషన్‌లో రైలు ఆగగానే కరోడ్‌గిరివాళ్లు డబ్బాల్లోకి ఎక్కారు. మా డబ్బాలోకి వచ్చింది ఆయనే. జుట్టు బాగా నెరిసింది, మఫ్లరు అదే. పెట్టె తెరిచి చూపించమన్నాడు, తెరిచాక నన్ను చూశాడు.

"మియా," అని నా పక్కనున్న మూటను జరిపి కూర్చున్నాడు. "జెండా కితాబు నీకు ఇయ్యలేకపోయిన. అది నా దిల్ల ఉండిపోయింది."

పరవాలేదన్నాను. మామూ పోయాడని కూడా చెప్పాను. ఆయన నా మోచేతి మీద చెయ్యి వేసి, కాసేపు తియ్యలేదు. తర్వాత పైనున్న పుస్తకం తీసి, ఇది చదివావా అన్నాడు. సగం చదివానన్నాను. ఆ సగమే చెప్పమన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాను. కొండ ఊళ్లో ఒంటరిగా బడి నడిపే పంతులమ్మ కథ. మొదటి గాలివానకు ఆమె బడికప్పు ఎగిరిపోయిన దగ్గరికి వచ్చేసరికి బయట పైఅధికారి ఆయన్ను కేకేశాడు. మున్షీ లేచి, పుస్తకాలు లెక్కపెట్టి, ఎప్పటిలాగే పూర్తి సుంకం తీసుకుని రసీదు ఇచ్చాడు. మిగతాది మళ్లీ ఎప్పుడైనా చెప్పమని దిగిపోయాడు. ప్లాట్‌ఫారం మీద పక్క డబ్బావైపు గబగబా నడిచిపోతూ ఒకసారి వెనక్కి చూశాడు.

మళ్లీ ఆయన్ను చూడలేదు. కొన్నాళ్లకు గొడవలు ముదిరి అటువైపు రైలు ప్రయాణాలే భయమయ్యాయి, తర్వాత రాజ్యమే మారిపోయింది. ఆ రోజు మాత్రం మిగిలిన సగం కథ రైల్లోనే, ఊరు చేరకముందే పూర్తి చేశాను. పంతులమ్మ ఊరివాళ్లతో తాటాకులు మోయించి మళ్లీ కప్పు వేయిస్తుంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, ఎదుటి బల్ల మీద నిద్రపోతున్న మనిషిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ మనిషి లేస్తాడేమో, ఏం చదువుతున్నావని అడుగుతాడేమోనని.